ఫైబర్ కొసన నానోస్ఫటికాల వెలుగును ఎలా వేరు చేస్తారు

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా బ్యాంకు కౌంటరు దగ్గర నోట్లను అతినీలలోహిత దీపం కింద పెట్టి చూసే చిన్న పెట్టె చాలామందికి పరిచయమే. ఆ దీపం కింద నోటు మీది సంఖ్య మెరుస్తుంది. కాగితంలో కలిసిన సన్నటి పోగులు అక్కడక్కడా వెలుగుతాయి. రిజర్వు బ్యాంకు తన వివరణలో ఆ పోగులను ఆప్టికల్ ఫైబర్లనే పేర్కొంటుంది గానీ, కరెంటు స్తంభాల మీదుగా ఇళ్లకు ఇంటర్నెట్టును తెచ్చే ఫైబర్‌తో వాటికి పోలిక లేదు. నోటులోని పోగు తానే వెలుగుతుంది. కేబుల్‌లోని పోగు తాను వెలగకుండా వెలుగును మోస్తుందని మనం అనుకుంటాం. వెలిగే గుణమూ, వెలుగును మోసే గుణమూ ఒకే చోట కలిసే పరికరం గురించి ఈ వ్యాసం: కంటికి ఆననంత చిన్న వెలిగే స్ఫటికాలను గాజు పోగుతో గుర్తించడం.

ఇది ఎవరికి కావాలన్న ప్రశ్న ముందుగా వస్తుంది. రక్తంలోనో పాలలోనో అతి స్వల్పంగా ఉన్న ఒక ప్రోటీన్‌ను కనిపెట్టాలంటే, దానికి మాత్రమే అతుక్కునే యాంటీబాడీకి వెలిగే స్ఫటికాన్ని తగిలిస్తారు; ఆ తరువాత ప్రోటీన్ జోలికి పోకుండా స్ఫటికం వెలుగును వెతికితే సరిపోతుంది. నమూనా గాజు పలక మీద ఉంటే మైక్రోస్కోపు చాలు. అది గొట్టంలో ప్రవహిస్తున్నా, బోరు బావి అడుగున ఉన్నా, కణజాలం లోపల ఉన్నా మైక్రోస్కోపు అక్కడికి వెళ్లలేదు. 125 మైక్రోమీటర్ల వ్యాసం గల ఫైబర్ మాత్రం ఇంజెక్షన్ సూదిలో నుంచైనా దూరుతుంది. లేజర్ కాంతిని లోపలికి తీసుకువెళ్లేదీ, స్ఫటికం విడిచిన వెలుగును బయటకు తెచ్చేదీ ఆ పోగే. చెప్పడానికి ఇంత తేలికైన ఏర్పాటు ఆచరణలో ఎందుకు మొరాయిస్తుందో తెలియాలంటే ముందు స్ఫటికాన్నీ, ఫైబర్‌నూ విడివిడిగా చూడాలి.

స్ఫటికాల్లో రెండు కుటుంబాలు

మొదటి కుటుంబం క్వాంటమ్ డాట్లు. కాడ్మియం సెలినైడ్ అనే అర్ధవాహకం పెద్ద ముక్కగా ఉన్నప్పుడు దాని శక్తి అంతరం, అంటే లోపలి ఎలక్ట్రాన్ ఎక్కి దిగే శక్తి మెట్టు, సుమారు 1.74 ఎలక్ట్రాన్ వోల్టులు; అంటే అది విడిచే కాంతి ఎరుపు చివరి అంచున, 710 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అదే పదార్థాన్ని 6 నానోమీటర్ల ముక్కగా తయారు చేస్తే ఎర్రగా, 2 నానోమీటర్ల దగ్గరకు కుదిస్తే నీలానికీ ఆకుపచ్చకూ మధ్య రంగులో వెలుగుతుంది. కాంతిని పీల్చుకున్నప్పుడు లోపల పుట్టే ఎలక్ట్రాన్, దాని ఖాళీ స్థానమైన రంధ్రం సహజంగా కోరుకునే జాగా కంటే స్ఫటికం చిన్నదైతే, ఆ ఇరుకులో వాటి శక్తి పెరుగుతుంది. శక్తి పెరిగితే రంగు నీలం వైపు జరుగుతుంది. రసాయన పదార్థం అదే, కొలత ఒక్కటే మారింది. 1981లో అలెక్సీ ఎకిమోవ్ గాజులోని కాపర్ క్లోరైడ్ స్ఫటికాల్లోనూ, 1983లో లూయీ బ్రస్ ద్రవంలోని కాడ్మియం సల్ఫైడ్ కణాల్లోనూ ఈ ప్రభావాన్ని చూశారు. ఒకే కొలత గల స్ఫటికాలను నమ్మకంగా తయారు చేసే పద్ధతిని 1993లో మౌంగీ బవెండీ బృందం ఇచ్చింది. ముగ్గురికీ కలిపి 2023 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. దుకాణాల్లో అమ్ముతున్న క్యూఎల్‌ఈడీ టీవీల రంగులకు మూలం ఈ డాట్లే కాబట్టి, పేరు కొత్తగా ఉన్నా సరుకు చాలా ఇళ్లలోకి ఇదివరకే వచ్చేసింది.

సెన్సర్ తయారుచేసేవారికి వీటిలో నచ్చేది ఒక సౌకర్యం. క్వాంటమ్ డాట్ తన ఉద్గార రంగు కంటే పొట్టి తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిలో దాదాపు ఏ రంగునైనా పీల్చుకోగలదు. విడిచేది మాత్రం 25 నుంచి 35 నానోమీటర్ల వెడల్పు గల సన్నని పట్టీలోనే. కనుక ఒకే నీలి లేజర్‌తో నాలుగైదు రంగుల డాట్లను ఒకేసారి వెలిగించి, ఏ రంగు ఎంత వచ్చిందో విడదీసి చదవవచ్చు.

రెండవ కుటుంబం అరుదైన భూమూలకాలు కలిపిన స్ఫటికాలు. సోడియం ఇట్రియం ఫ్లోరైడ్‌లో కొంత ఇటెర్బియం, కొద్దిగా ఎర్బియం చేర్చి 980 నానోమీటర్ల పరారుణ లేజర్ వేస్తే, అది 540 దగ్గర ఆకుపచ్చగానూ 655 దగ్గర ఎర్రగానూ వెలుగుతుంది. ఎర్బియం బదులు థూలియం చేర్చితే 475 దగ్గర నీలి వెలుగు, 800 దగ్గర పరారుణం వస్తాయి. ఇక్కడ రంగును నిర్ణయించేది స్ఫటికం కొలత కాదు, చేర్చిన మూలకం. సాధారణ ప్రతిదీప్తిలో, అంటే కాంతిని పీల్చుకుని తిరిగి వెలగడంలో, లోపలికి వెళ్లిన ఫోటాన్ కంటే బయటకు వచ్చే ఫోటాన్ శక్తి తక్కువగా ఉంటుంది. 1852లో జార్జ్ స్టోక్స్ గమనించిన నియమం అది. ఈ స్ఫటికాల్లో ఇటెర్బియం పరారుణ ఫోటాన్ల శక్తిని ఒక్కొక్కటిగా ఎర్బియానికి అందిస్తుంది; ఎర్బియం రెండు మూడింటి శక్తిని కూడగట్టి, ఒక దృశ్య కాంతి ఫోటాన్‌గా విడుస్తుంది. ఫ్రాన్సులో ఫ్రాంస్వా ఓజెల్ 1966లో ఈ శక్తి బదిలీని వివరించారు. గాజును శుద్ధి చేస్తే ఫైబర్‌లో కాంతి ఎంతో దూరం ప్రయాణించగలదని చార్లెస్ కావో వాదించినదీ ఆ ఏడాదే. అప్పట్లో ఈ రెండు పనులు ఎక్కడో ఒకచోట కలుస్తాయని ఎవరైనా ఊహించి ఉంటారని అనుకోను.

ఫైబర్ ఎంత పట్టుకోగలదు

ఫైబర్ లోపలి కోర్ గాజు వక్రీభవన గుణకం చుట్టూ ఉన్న క్లాడింగ్ కంటే కొద్దిగా ఎక్కువ. అందువల్ల పక్కగోడను తగినంత ఏటవాలుగా తాకిన కాంతి బయటకు పోకుండా పూర్తిగా లోపలికే తిరుగుతుంది. భౌతిక శాస్త్ర పాఠాల్లో దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. ఇంటర్నెట్టు కనెక్షను సరిచేయడానికి వచ్చిన టెక్నీషియన్ ఫైబర్‌లోకి ఎర్ర లేజర్ పెన్నుతో కాంతి పంపి, ఎక్కడ విరిగిందో వెతకడం వీధిలో కనిపించే దృశ్యమే. మరీ గట్టిగా మెలి తిరిగిన చోట తొడుగులో నుంచి ఎర్రటి చుక్క కనబడుతుంది, ఎందుకంటే ఆ వంపులో కాంతి గోడను తాకే కోణం మారిపోయి బయటకు జారుతుంది. సెన్సర్ అంతా ఆ చుక్కను తిరగేసి చదవడమే: కాంతి ఎక్కడ, ఏ కోణంలో బయటకు జారగలదో అక్కడ, ఆ కోణంలోనే బయటి కాంతి లోపలికి చేరగలదు.

ఈ నియమం నుంచి ఒక ఇబ్బందికరమైన లెక్క పుడుతుంది. స్ఫటికం అన్ని దిక్కులకూ వెలుగు విడుస్తుంది. ఫైబర్ కొస మాత్రం తనకు ఎదురుగా ఉన్న ఇరుకైన శంకువులో వచ్చినదాన్నే తీసుకుంటుంది. ఆ శంకువు ఎంత వెడల్పో చెప్పే అంకెను సంఖ్యాత్మక ద్వారం అంటారు. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే, వెడల్పాటి కోర్ ఉన్న సిలికా మల్టీమోడ్ ఫైబర్‌కు అది 0.22. నీటిలో ముంచినప్పుడు ఆ శంకువు సగం కోణం 9.5 డిగ్రీలకు తగ్గుతుంది, అంటే కొసకు ఆనుకుని ఉన్న స్ఫటికం నుంచి కూడా దక్కేది దాదాపు 0.7 శాతం. టెలిఫోన్ కేబుళ్లలోని సన్నని కోర్ గల సింగిల్‌మోడ్ ఫైబర్‌తో, ద్వారం 0.12 అనుకుంటే, అది 0.2 శాతానికి పడిపోతుంది. వెయ్యి ఫోటాన్లలో రెండు.

దీన్ని దాటడానికి కొందరు కొసను వదిలి ఫైబర్ పక్కగోడను ఆశ్రయించారు. సంపూర్ణాంతర పరావర్తనం జరిగే చోట కాంతి గోడ దగ్గర తెగిపోదు. వందో, కొన్ని వందలో నానోమీటర్ల మేర బయటకు చొచ్చుకుపోయి త్వరగా క్షీణిస్తుంది. క్లాడింగ్‌ను తొలగించి కోర్‌ను నేరుగా నీటికి చూపితే, ఆ పలుచని పొరలో ఉన్న స్ఫటికాలు మాత్రమే వెలుగుతాయి, వాటి వెలుగులో కొంత తిరిగి కోర్‌లోకి ఎక్కుతుంది. ఈ పద్ధతి గొప్పతనం దాని పొట్టి చూపులోనే ఉంది. యాంటీబాడీ పొడవు 10 నానోమీటర్ల ప్రాంతం. కాబట్టి గోడకు అతుక్కున్న యాంటీబాడీ పట్టుకున్న స్ఫటికం పొరలో ఉంటుంది, ద్రవంలో తేలుతున్న స్ఫటికాల్లో అత్యధికం పొర బయట ఉంటాయి. కడగకుండానే అతుక్కున్నవీ, అతుక్కోనివీ వేరవుతాయి.

ఇంకొంచెం ముందుకు వెళితే, ఫైబర్‌ను మంట మీద వేడిచేసి రెండు వైపులా లాగి, నడుము దగ్గర కాంతి తరంగదైర్ఘ్యం కంటే సన్నగా చేస్తారు. అప్పుడు కాంతిలో పెద్ద భాగం గాజు బయటే ప్రయాణిస్తుంది. టోక్యోలోని ఎలక్ట్రో కమ్యూనికేషన్స్ విశ్వవిద్యాలయంలో 2012లో 350 నానోమీటర్ల నడుము మీద ఒక్కొక్క క్వాంటమ్ డాట్‌ను ఉంచి, 780 నానోమీటర్ల వెలుగులో సుమారు 22 శాతం ఫైబర్‌లోకే చేరుతున్నట్లు కొలిచారు. 0.7తో పోలిస్తే అది ఎంత పెద్ద అంకెనో చెప్పనక్కరలేదు. అయితే అలాంటి నడుము మీద ఒక దుమ్ము రేణువు వాలినా కాంతి ప్రసారం దెబ్బతింటుంది. శుభ్రమైన గది లేని చోట, ముఖ్యంగా రాయలసీమ ఎండాకాలపు గాలిలో, దాన్ని కాపాడుకోవడమే ఒక ఉద్యోగం. మధ్యలో బోలుగా ఉండే ఫైబర్లలోకి నమూనా ద్రవాన్నే నింపే మార్గమూ ఉంది. అందులో కాంతీ స్ఫటికమూ చాలా పొడవునా కలిసి ఉంటాయి గానీ, నింపడం, కడగడం నిదానంగా సాగే పనులు.

చీకటి దొరకని చోట

ఇంతవరకు చెప్పినదంతా వెలుగును ఎక్కువగా పోగుచేయడం గురించి. నా అంచనాలో అసలు కష్టం అక్కడ లేదు. అలిపిరి మెట్ల దారిలోని గాలిగోపురం మీద వెలిగే శంఖు చక్ర నామాలు రాత్రి తిరుపతి వీధుల్లోకి స్పష్టంగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అవే దీపాలను వెలిగించినా కింది నుంచి ఎవరికీ కనబడవు. దీపం అంతే ఉంది, దాని వెనుక ఆకాశం మారింది. ఫైబర్ సెన్సర్‌లో స్ఫటికానికి ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే, ఎందుకంటే దాన్ని వెలిగించడానికి పంపిన లేజర్ అదే దారిలో ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. 450 నానోమీటర్ల నీలి లేజర్ ఒక మిల్లీవాట్ శక్తితో 200 మైక్రోమీటర్ల కోర్ ఉన్న ఫైబర్‌లోకి వెళ్లిందనుకుందాం. అది సెకనుకు దాదాపు 2.3 వేల లక్షల కోట్ల ఫోటాన్లు, అంటే 2 పక్కన 15 సున్నాల ప్రమాణం. కొస దగ్గర ఉన్న ఒక మంచి డాట్ అందులో సెకనుకు 14 వేల చొప్పున పీల్చుకుని, సగం సామర్థ్యంతో 7 వేలు విడుస్తుంది. ఫైబర్ 0.7 శాతం పట్టుకుంటే 50, ఫిల్టర్లూ డిటెక్టరూ కలిసి అయిదింట ఒక వంతు లెక్కిస్తే 10. ఒక డాట్‌కు సెకనుకు పది లెక్కింపులు. ఇవి డాట్ శోషణకు మామూలుగా కనిపించే విలువలు పెట్టి వేసిన అంకెలు. అసలు పరికరంలో కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

ఇప్పుడు రెండో వైపు చూడాలి. సిలికా కొస నీటిని తాకే చోట, గుణకాల తేడా వల్ల లేజర్ కాంతిలో 0.2 శాతం వెనక్కి ప్రతిఫలిస్తుంది. కొస గాలిలో ఉంటే అది మూడున్నర శాతం. నీటిలోనే అనుకున్నా సెకనుకు 5 లక్షల కోట్ల నీలి ఫోటాన్లు డిటెక్టర్ వైపు వస్తాయి. పది లక్షల్లో ఒక్కదాన్నే వదిలే ఫిల్టర్ పెడితే ఇంకా 50 లక్షలు మిగులుతాయి. అలాంటివి రెండు వరుసగా పెడితే అయిదు. కనుక లేజర్ రంగును ఆపడం డబ్బుతో తీరే సమస్య. మంచి ఫిల్టర్లు కొనుక్కుంటే అయిపోతుంది. ఏ ఫిల్టరూ ఆపలేనిది, స్ఫటికం రంగులోనే వచ్చే వేరే కాంతి.

ఆ కాంతికి మొదటి మూలం నీరు. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ కలకత్తాలో కనుగొన్న ప్రభావం పేరుతో మనం ఏటా జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకుంటాం. ఈ పరికరానికి మాత్రం అది పోరు పెట్టే చుట్టం. నీటి అణువు తన మీద పడిన కాంతిలో అతి కొద్ది భాగాన్ని సుమారు 3400 తరంగసంఖ్యల (ఒక సెంటీమీటరులో ఇమిడే తరంగాల లెక్క) మేర తగ్గించి వెదజల్లుతుంది. 450 నానోమీటర్ల లేజర్‌తో ఆ కాంతి 531 దగ్గర, అంటే ఆకుపచ్చ డాట్ వెలిగే చోటే పడుతుంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వాడితే 650 దగ్గర, ఎర్ర డాట్ ముఖం మీదే పడుతుంది. స్పెక్ట్రోమీటర్ తెర మీద గుండ్రంగా, అందంగా కనిపించే ఆ శిఖరాన్ని డాట్‌గా పొరబడటం చాలా సులువు. తేల్చుకునే మార్గం కూడా అంతే సులువు: లేజర్‌ను 532 నుంచి 520కి మారిస్తే నీటి శిఖరం 650 నుంచి 632కి జరిగిపోతుంది, డాట్ శిఖరం ఉన్నచోటే ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఇచ్చిన ఫలితాన్ని నేనైతే నమ్మను.

రెండో మూలం ఫైబరే. గాజు కూడా రామన్ కాంతిని విడుస్తుంది, పొడవు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. అంతకంటే చికాకు పెట్టేది గాజు చుట్టూ ఉన్నవి: అక్రిలేట్ పూత, కనెక్టర్‌లో ఫైబర్‌ను అంటించిన ఎపాక్సీ జిగురు నీలి కాంతిలో విశాలమైన రంగుల పట్టీలో వెలుగుతాయి. అందుకే స్వచ్ఛమైన సిలికా కోర్ ఉన్న ఫైబర్‌ను ఎంచుకోవాలి, దాన్ని వీలైనంత పొట్టిగా ఉంచాలి, కొస దగ్గర పూతను ఒలిచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫైబర్‌ను తెంచే పనిముట్టయిన క్లీవర్‌తో నిటారుగా తెంచాలి. తెంచిన అంచు పెచ్చులూడితే ఆ గరుకుతనమే లేజర్‌ను వెనక్కి చిమ్ముతుంది.

మూడో మూలం నమూనా. చిత్తూరు జిల్లా పాడికి పేరున్న ప్రాంతం కాబట్టి పాల ఉదాహరణే తీసుకుందాం. పాలలోని రైబోఫ్లేవిన్ నీలి కాంతిని పీల్చి 525 దగ్గర పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలుగుతుంది, కొవ్వు బిందువులూ కేసీన్ అనే ప్రోటీన్ కణాలూ లేజర్‌ను అన్ని వైపులా చిమ్ముతాయి. చెరువు నీటిలోని పాచి తన పత్రహరితంతో 685 దగ్గర ఎర్రగా వెలుగుతుంది. శేషాచలం అడవుల్లో పెరిగే వేగిస చెట్టు చేవను నీళ్లలో నానబెడితే, ఆ గోధుమ రంగు నీళ్లు అంచుల్లో నీలంగా మెరుస్తాయి. ప్రకృతిలో ప్రతిదీప్తి ఎంత మామూలు విషయమో తెలియడానికి ఆ ఒక్క గ్లాసు చాలు. కాబట్టి ఆకుపచ్చ డాట్‌తో పాలను పరీక్షించాలనుకోవడం మొదటే తప్పు ఎంపిక. 620 దాటిన ఎరుపు మేలు, పత్రహరితం వాసన లేనంతవరకు.

మూడు విడాకులు

రంగుతో వేరుచేయడం మొదటి దారి. దానిలోని మెలకువ ఫిల్టర్‌లో కంటే ఫైబర్ల అమరికలో ఎక్కువగా ఉంది. లేజర్‌ను ఒక ఫైబర్ తీసుకెళ్లి, చుట్టూ పేర్చిన ఆరు ఫైబర్లు వెలుగును వెనక్కి తెస్తే, తెచ్చే గాజులో లేజర్ లేదు గనుక ఆ గాజు తన సొంత వెలుగును కలపదు. రెండు పొరల క్లాడింగ్ ఉన్న ఫైబర్‌లో సన్నని కోర్ లేజర్‌ను పంపితే, దాని చుట్టూ ఉన్న వెడల్పాటి పొర వెలుగును సేకరిస్తుంది. ఒకే ఫైబర్ అందంగా ఉంటుంది. ఏడు ఫైబర్ల కట్ట పని చేస్తుంది.

కాలంతో వేరుచేయడం రెండో దారి. రామన్ కాంతి, ప్రతిఫలనం తక్షణం జరిగిపోతాయి. రైబోఫ్లేవిన్ లాంటివి కొన్ని నానోసెకన్లలో ఆరిపోతాయి. క్వాంటమ్ డాట్ 20 నానోసెకన్ల ప్రాంతంలో ఆరుతుంది. అరుదైన భూమూలకాలు వందల మైక్రోసెకన్లు వెలుగుతూనే ఉంటాయి. లేజర్‌ను ఒక్క మెరుపుగా పంపి, కాసేపు డిటెక్టర్ కళ్లు మూసి, ఆ తరువాత తెరిస్తే మిగిలేది కావలసిన వెలుగే. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 532 నానోమీటర్ల లేజర్ మెరుపులను ఆకాశంలోకి పంపి, తిరిగివచ్చే ఫోటాన్లను కాలం వారీగా లెక్కించే లైడార్ 1998లోనే మొదలైంది. అక్కడ ఒక మైక్రోసెకను ఆలస్యం అంటే 150 మీటర్ల ఎత్తు. సాంకేతికంగా రెండూ అన్నదమ్ములే, అయితే ఫైబర్ సెన్సర్‌లో ఆలస్యం దూరాన్ని చెప్పకుండా స్ఫటికం జాతిని చెబుతుంది.

ఈ రెండు అర్థాలూ ఒకదానితో ఒకటి గొడవపడే సందర్భం కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఫైబర్ పొడవునా స్ఫటికాలు ఎక్కడ అతుక్కున్నాయో తెలుసుకోవాలంటే టెలికాం ఇంజినీర్లు తెగిన చోటును వెతికినట్లే మెరుపు తిరిగి వచ్చిన కాలాన్ని కొలవాలి. గాజులో కాంతి వేగం సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు. రానూ పోనూ కలిపి మీటరుకు 10 నానోసెకన్లు. డాట్ వెలుగు తానే 20 నానోసెకన్ల పాటు సాగుతుంది కాబట్టి, స్థానం సూటిగా 2 మీటర్ల కంటే నిశితంగా తెలియదు. అరుదైన భూమూలకం ఒక మిల్లీసెకను వెలిగితే ఆ మసక 100 కిలోమీటర్లు! కాలంతో జాతిని కనిపెట్టడానికి ఏ గుణం పనికొచ్చిందో, చోటును కనిపెట్టడానికి అదే అడ్డం. కొసలో ఒకే చోట కొలిచే సెన్సర్లు ఎక్కువగా, పొడవునా కొలిచేవి తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

మూడో దారి రంగును తలకిందులు చేయడం. 980 నానోమీటర్ల లేజర్‌తో వెలిగే ఎర్బియం స్ఫటికం 540 దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. అక్కడ నీరు గానీ, గాజు గానీ, జిగురు గానీ, పాలు గానీ ఏమీ వెలగవు, ఎందుకంటే వాటికి తక్కువ శక్తి ఫోటాన్లను కూడగట్టే విద్య లేదు. నేపథ్యం దాదాపు చీకటే. దీనికి మూల్యం ఉంది: ఇద్దరు ముగ్గురు ఫోటాన్లు కలిస్తేనే ఒకటి వస్తుంది కనుక మామూలు పరిస్థితుల్లో లేజర్ బలాన్ని సగం చేస్తే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, సామర్థ్యమూ సాధారణంగా కొన్ని శాతం దాటదు. 980 దగ్గర నీరు కాంతిని బాగా పీల్చి వేడెక్కుతుంది, కాబట్టి కణజాలంలో వాడేవారు నియోడిమియం చేర్చి 808 నానోమీటర్లకు మారుతున్నారు. ఇంకో జాగ్రత్త విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాలి. పరారుణ లేజర్ కంటికి కనబడదు, కనబడని కాంతికి రెప్ప పడదు. తెరిచి ఉన్న ఫైబర్ కొసను చూపు ఎత్తులో పెట్టకూడదు, తగిన రక్షణ కళ్లద్దాలు లేకుండా స్విచ్ వేయకూడదు.

మన ప్రాంతపు కళాశాల ప్రయోగశాలలో ఎవరైనా ఈ పని మొదలుపెట్టాలనుకుంటే, క్వాంటమ్ డాట్ల కంటే అరుదైన భూమూలకాల స్ఫటికాలతోనే మొదలుపెట్టమంటాను. వందల మైక్రోసెకన్ల ఆలస్యాన్ని కొలవడానికి ఖరీదైన నానోసెకను పరికరాలు అక్కరలేదు. లేజర్ డయోడ్‌ను ఆపి ఆన్ చేసే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, సాధారణ సిలికాన్ డిటెక్టర్, ఒక ఫిల్టర్ ఉంటే ఆ ఆరిపోయే వక్రరేఖ తెర మీద కనిపిస్తుంది.

ఉంది అని ఎప్పుడు అనాలి

వెలుగు కనిపించింది, అంతమాత్రాన స్ఫటికం దొరికిందని చెప్పడానికి లేదు. స్ఫటికాలు లేని అదే నమూనాను, అంటే ఖాళీ నమూనాను, అనేకసార్లు కొలిచి, ఆ కొలతలు ఎంత ఊగుతున్నాయో చూసి, ఆ ఊగిసలాటకు మూడు రెట్లు దాటిన సంకేతాన్నే ఉన్నట్లు లెక్కించడం వాడుక. నేపథ్యం సెకనుకు 10 వేల లెక్కింపులనుకుంటే, ఫోటాన్ల సహజ ఊగిసలాట దాని వర్గమూలం, అంటే 100. మూడు రెట్లు 300. మన డాట్ ఒకటికి 10 చొప్పున 30 డాట్లు. వంద సెకన్ల పాటు కొలిస్తే నేపథ్యం 10 లక్షలు, ఊగిసలాట వెయ్యి, పరిమితి సెకనుకు 30 లెక్కింపులు, అంటే మూడు డాట్లు. కాలం వంద రెట్లు పెంచితే పరిమితి పది రెట్లే మెరుగైంది. కాగితం మీద ఇది నిజమే గానీ, ఆ వంద సెకన్లలో లేజర్ ఒక్క శాతం జారితే నేపథ్యం సెకనుకు 100 లెక్కింపులు మారుతుంది, అది పది డాట్లకు సమానం. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక గది చల్లబడేలోగా తీసిన కొలతల్లో ఆ ఒక్క శాతం ఎన్నోసార్లు దాక్కుని ఉంటుంది; లేజర్ డయోడ్ వేడెక్కితే దాని బలం తగ్గుతుంది, తరంగదైర్ఘ్యమూ కదులుతుంది. లేజర్‌లో కొద్ది భాగాన్ని వేరే డిటెక్టర్‌లోకి మళ్లించి, ప్రతి కొలతనూ దానితో భాగించడం తప్పనిసరి. ఇంత సాధారణమైన జాగ్రత్త ఎక్కువ పొడవైన ఫిల్టర్ల జాబితా కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

గాఢత వైపు నుంచి చూస్తే ఈ అంకెలు ఆశాజనకంగానే ఉంటాయి. 200 మైక్రోమీటర్ల కొస ముందు అంతే లోతు వరకు ఉండే ద్రవం 6 నానోలీటర్ల పైచిలుకు. ఒక పికోమోలార్ (లీటరుకు మోల్‌లో లక్ష కోట్లవ వంతు) ద్రావణంలో అంత జాగాలో సుమారు 3,800 స్ఫటికాలుంటాయి. ముప్పై కనబడితే చాలనుకున్న పరికరానికి అది చాలా ఎక్కువ. కానీ వెలుగు ఎంతో తెలిస్తే సంఖ్య తెలిసినట్టు కాదు. ఒంటరి డాట్ నిలకడగా వెలగదు. వెలుగుతూ, ఆరుతూ మిణుకుతుందని 1996లోనే గమనించారు. ఆమ్లత మారితే, పైపూత చెదిరితే, స్ఫటికాలు గుంపుకట్టితే ప్రకాశం పడిపోతుంది. సగం వెలుగు కనిపించినప్పుడు సగం స్ఫటికాలున్నాయో, అన్నీ ఉండి సగం మసకబారాయో ఒక్క ప్రకాశం చెప్పలేదు. అక్కడ ఆరిపోయే కాలాన్ని కూడా కొలిస్తే ఉపయోగం. స్ఫటికాలు తగ్గితే ఆ కాలం మారదు, మసకబారితే సాధారణంగా తగ్గుతుంది. కాబట్టి కాలపు కొలత నేపథ్యాన్ని తొలగించే ఉపాయంగానే కాక, తెలిసిన నమూనాలతో వేసుకున్న ప్రమాణ రేఖ ఇంకా చెల్లుతుందో లేదో చెప్పే సాక్షిగా కూడా నిలుస్తుంది.

ఇక పరీక్ష పూర్తయ్యాక ఆ చుక్కను ఏం చేయాలన్నది మిగులుతుంది. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో కాడ్మియం బరువులో 0.01 శాతం దాటకూడదని ఐరోపా నియమం చెబుతుంది. అందుకే టీవీల తయారీలో ఇండియం ఫాస్ఫైడ్ డాట్ల వైపు మొగ్గు పెరిగింది. పాల కేంద్రంలోనో ఆసుపత్రి ల్యాబ్‌లోనో రోజూ వాడే ఫైబర్ సెన్సర్ అయితే, వాడిన కొసనూ, కడిగిన నీటినీ సింకులో పారబోయకుండా విడిగా సీసాలో పట్టి, కాడ్మియం వ్యర్థంగా చీటీ అంటించి అప్పగించే ఏర్పాటు పరికరం కొనకముందే ఉండాలి. ఫ్లోరైడ్ స్ఫటికాల్లో కాడ్మియం లేదు. వెలుగు తక్కువైనా వాటినే ముందుగా పరిశీలించమనడానికి, చీకటి నేపథ్యంతో పాటు ఇదీ ఒక కారణం.